ముప్ఫయ్యో యేటి నలుగు

ఆడదాని ఒంటికి నలుగు ఎన్నిసార్లు పడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పుట్టిన కొత్తల్లో కాళ్ళమీద పడుకోబెట్టుకుని అమ్మమ్మో, మంత్రసానో రోజూ నలిచి పోస్తారు. తర్వాత పెద్దమనిషైన నాడు పేరంటాళ్ళు చుట్టూ చేరి పెడతారు. పెళ్ళికి సరేసరి. పురుడొచ్చాక బాలింతస్నానం పేరుతో కొన్నాళ్ళు రాజభోగం. రెండో కాన్పుతో ఆ పద్దు కాస్తా చెల్లిపోతుంది. ఆ తర్వాత పండగపూట తెల్లవారకముందే లేచి ఇంటిల్లిపాదికీ తలంట్లు పోసేది ఆవిడే. చివరికి గిన్నె అడుగున మిగిలిన పిండి, కాగులో మిగిలిన గోరువెచ్చని నీళ్ళు ఆవిడ వంతు.

సరిగ్గా ఆ వయసులోనే, అంటే ముప్ఫై దాటుతున్నప్పుడే, చర్మం మొదటిసారి తన గోడు చెప్పుకుంటుంది. చెంపలమీద మంగు, కళ్ళకింద సన్నటి గీతలు, చలికాలంలో పిక్కలమీద తెల్లటి పొట్టు. చర్మాన్ని బిగువుగా పట్టి వుంచే కొలాజెన్ అనే మాంసకృత్తు ఏటా కొద్దికొద్దిగా తగ్గిపోతూ వుంటుందట. ఆ తరుగు కంటికి ఆనేది ఈ వయసులోనే. ఈమధ్య ఉద్యోగాలు చేసుకుంటున్న అమ్మాయిలు, "ఆంటీ, రోజూ ముఖానికి ఏం రాసుకుంటే మంచిది?" అని అడుగుతున్నారు. దుకాణంవాడు ఏడు సీసాలు వరసగా పేర్చి చూపిస్తాడు. పెద్దవాళ్ళేమో, "ముప్ఫై దాటాక నీకెందుకే ఈ సోకులు?" అంటారు. ఈ రెండు మాటల మధ్యా నలిగిపోతున్న అమ్మాయిలకు నేనొక కథ చెప్పాలనుకుంటున్నాను. అది పాలమూరు నేలమీద జరిగిన కథ.

పాలమూరంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరు 11న అందులోంచే జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు విడివడ్డాయి. ఇటు కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ, అటు నల్లమల అడవి, మధ్యన చల్క నేలలు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల గడీలు ఒకవైపు, ఎండలో మట్టి మోసిన కూలి తల్లులు మరోవైపు. చర్మం గురించి పుస్తకాల్లో లేని సంగతులు ఈ గడ్డ చాలానే చెబుతుంది.

ముందు పుస్తకం సంగతే చూద్దాం. తుంగభద్ర ఒడ్డున అలంపురంలో బాదామి చాళుక్యులు నవబ్రహ్మ ఆలయాలు కట్టిస్తున్న రోజుల్లోనే, ఏడో శతాబ్దం ప్రాంతంలో, సింధుదేశపు వాగ్భటుడు 'అష్టాంగహృదయం' రాశాడు. అందులో దినచర్య అని ఒక అధ్యాయమే వుంది. ఒంటికి నూనె పట్టించుకోవడం నిత్యకృత్యమని, అది ముసలితనాన్నీ అలసటనూ దూరం పెడుతుందని అంటాడాయన. తలకీ, చెవులకీ, పాదాలకీ మరీ శ్రద్ధగా రాయమంటాడు. ఆ తర్వాత పిండితో నలుచుకుంటే కొవ్వు కరిగి చర్మం తేటపడుతుందంటాడు. పండక్కో పెళ్ళికో కాదు, నిత్యమూ అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

మరి నిత్యమూ ఎవరికి కుదిరింది? కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు 1126 నుంచి 1138 దాకా రాజ్యం చేశాడు. మన పాలమూరు ప్రాంతం కూడా ఆ చాళుక్యుల ఏలుబడిలో వున్నదే. ఆయన పేర వెలసిన 'మానసోల్లాసం'లో రాజు అనుభవించదగ్గ భోగాలన్నీ వరసగా చెప్పారు. అందులో స్నానం ఒక భోగం, గంధం పూసుకోవడం ఇంకో భోగం. నూనె మర్దన చేసేవాళ్ళు వేరు, నీళ్ళు పోసేవాళ్ళు వేరు. ఇంతమంది వుంటే ఎవరి చర్మమైనా మెరుస్తుంది లెండి! పొయ్యి దగ్గరా పొలం దగ్గరా రోజు గడిచిపోయే ఇల్లాలికి నిత్యం అన్నది నెలకో పండగ అయింది. పండగ అన్నది పిల్లలదీ మగవాళ్ళదీ అయింది. శాస్త్రం ఆడవాళ్ళను వద్దనలేదు. తీరిక వద్దంది.

అంతమాత్రాన మన ఇల్లాళ్ళకు విద్య తెలియదనుకునేరు! ఆముదమే తీసుకోండి. పాలమూరు, నల్లగొండ చల్కల్లో ఒకప్పుడు ఆముదం విరివిగా పండేది. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో వేసి ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని తేటగా తీసి మళ్ళీ కాచితే వంటాముదం. దీపంలోకి అదే, పసిపిల్ల మాడుకి అదే, పగిలిన మడమకీ అదే. చిక్కగా వుండి నీటిని చర్మంలోంచి పోనివ్వదు. ఇప్పుడు పెదవులకు పూసుకునే లిప్‌స్టిక్కుల్లో చాలావాటికి ఆముదమే ఆధారం. మనం జిడ్డని మొహం తిప్పుకున్నది రంగువేసుకుని గొట్టంలో తిరిగొచ్చింది.

ఇక నలుగుపిండి. పెసలో, శనగలో విసిరిన పిండి, పిడికెడు బియ్యప్పిండి, పసుపు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్ళు. ఇంటింటికీ పాళ్ళు మారతాయి కానీ పద్ధతి ఒక్కటే. ముందు నూనె, పిమ్మట పిండి. చర్మంమీది మురికి చాలావరకు జిడ్డుతో కలిసిపోయి వుంటుంది. దాన్ని నూనే కరిగిస్తుంది. పిండి ఆ నూనెను పీల్చుకుని, చచ్చిన పొట్టుతో సహా ఊడ్చుకుపోతుంది. అయినా పలచటి నూనెపొర ఒకటి మిగిలే వుంటుంది. కడగడం, తేమ నిలపడం రెండూ ఒకే గిన్నెతో అయిపోయాయన్నమాట. ఇవాళ అంగడిలో ఇవే రెండు పనులకు రెండు సీసాలు.

అడవి సంగతి మరిచిపోకూడదు. నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు గుట్టల్లో చెంచుల మధ్య 1940 ప్రాంతంలో తిరిగిన హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు 1943లో వాళ్ళమీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. తేనె, జిగురు, సారపప్పు, కుంకుళ్ళు అడవినుంచి ఊళ్ళోకి రావాలంటే చెంచుల చేతులమీదుగానే రావాలి. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ వచ్చేదాకా ఉప్పుకీ గుడ్డకీ బదులుగా షావుకార్లు వాటిని తీసుకునేవాళ్ళు. సారపప్పును పాలలో నూరి ముఖానికి పట్టించడం హైదరాబాదు నవాబుల ఇళ్ళలో గొప్ప సౌందర్యరహస్యం. ఆ పప్పు చెట్టుకొమ్మనుంచి దులిపిన చెంచు ఆడపడుచుకు ఆ రహస్యంలో వాటా ఎంతో మీరే ఊహించుకోండి.

ఆ గిన్నెలోనే వున్న బావంచాలది మరీ చిత్రమైన కథ. సంస్కృతంలో బాకుచి అంటారు. ఆ నల్లటి గింజల్లోంచి బాకుచియోల్ అనే పదార్థాన్ని 1960లలో మన దేశపు రసాయన శాస్త్రజ్ఞులే వేరుచేశారు. ముడతలకు వాడే ఎ-విటమిను జాతి మందు రెటినాల్‌కీ దీనికీ 2019లో పోటీ పెట్టి చూశారు. 44 మంది పన్నెండు వారాలు వాడారు. గీతలూ మచ్చలూ తగ్గడంలో రెండూ సమవుజ్జీలుగా తేలాయి. చర్మం మండటం, పొట్టు రేగడం మాత్రం బాకుచియోల్ రాసినవాళ్ళలో తక్కువ. అందుకే విదేశాల్లో దీనికి ఇప్పుడంత గిరాకీ. కానీ తొందరపడి గింజలు నూరుకుని ముఖానికి పట్టించి ఎండలోకి వెళ్ళకండి! అదే గింజలో సోరలెన్ అనే ఇంకో పదార్థం వుంది. దానికి ఎండ తగిలితే చర్మం కమిలి బొబ్బలెక్కుతుంది. బొల్లి మచ్చలకు వైద్యులు ఈ గుణాన్నే వాడుకున్నారు. నలుగులో అది చిటికెడే వుండి, నీళ్ళతో కడుక్కుపోయేది.

పసుపు కథ మీరు వినే వుంటారు. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి తమదేనని అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రం 1995లో పేటెంటు తెచ్చుకుంది. మన సి.ఎస్.ఐ.ఆర్. వాళ్ళు, మషేల్కర్ గారి నాయకత్వంలో, ఇది మా దేశంలో ఎప్పట్నుంచో వున్నదేనని పాత గ్రంథాలూ కాగితాలూ చూపించి వాదించారు. 1997లో ఆ పేటెంటు రద్దయింది. పోపులపెట్టె గెలిచిన కేసు అది! మన అవ్వల విద్య వాళ్ళ కాగితాలకెక్కింది గాని, అవ్వలకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

సబ్బు ఎప్పుడొచ్చింది మరి? లైఫ్‌బాయ్ 1895 నాటికే మన దేశంలో దిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో చందనం ఎగుమతి ఆగిపోతే, మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడెయరు 1916లో చందనతైలం తీయించి, దాన్నుంచి సబ్బు చేయించే ఏర్పాటు చేశారు. ఆ సబ్బును తీర్చిదిద్దిన రసాయనవేత్త సోసలె గరళపురి శాస్త్రి. 1929లో లక్సు వచ్చింది. 1941లో లీలా చిట్నీస్ బొమ్మతో దాని ప్రకటన పడేసరికి, సినిమాతారల ఒంటి నిగనిగలన్నీ ఆ బిళ్ళలోనే వున్నాయని జనానికి నమ్మకం కుదిరింది.

సబ్బును నేను తిట్టబోవడం లేదు. గజ్జీ తామరా చేతివాటు రోగాలూ తగ్గాయంటే అందులో సబ్బు పుణ్యం చాలా వుంది. పిండి రుబ్బనక్కరలేదు, ఒకరు నలిచిపెట్టనక్కరలేదు. ఇల్లాలికి మొదటిసారి తన స్నానం తన చేతిలోకి వచ్చింది. కానీ ఒక తిరకాసు జరిగింది. చర్మంమీద సహజంగా పలచటి ఆమ్లపు పొర ఒకటి వుంటుంది. జర్మనీ వైద్యులు షాడే, మార్కియోనిని 1928లో దాన్ని గురించి రాశారు. మామూలు సబ్బు క్షారం. రుద్దినకొద్దీ ఆ పొరా, దానితోపాటు జిడ్డూ పోతాయి. నలుగులో కడిగేదీ కాపాడేదీ జంటగా వుండేవి. సబ్బులో కడిగేది ఒక్కటే మిగిలింది. నూనె వెనకబడిపోయి తలకు మాత్రమే పరిమితమైంది.

నూనె ఖాళీ చేసిన చోట క్రీము కూచుంది. 1919లో బొంబాయిలో పటన్‌వాలా గారు అఫ్గన్ స్నో తెచ్చారు. 1929లో కలకత్తాలో బోరోలీన్ పుట్టింది. 1952లో టాటావాళ్ళ లాక్మే. చివరికి 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ. ఇక్కడికొచ్చేసరికి అసలు ప్రశ్నే మారిపోయింది. 'చర్మం బాగుందా?' అన్నది పోయి, 'రంగు తేలిందా?' అన్నది మిగిలింది. ఇందులో నేరమంతా కంపెనీలదే అనలేం. పెళ్ళిచూపులనాడు "పిల్ల కాస్త చామనఛాయ" అని గొంతు తగ్గించడం వాళ్ళు నేర్పింది కాదు. పసుపు రాసి రాసి కూతుర్ని తెల్లబరచాలని చూసిన తల్లులు వాళ్ళకంటే ముందే వున్నారు. ఇంట్లో వున్న బెంగకు బజారులో డబ్బా దొరికింది. 2020లో ఆ క్రీము తన పేరులోంచి తెలుపు అన్న మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మార్చినంత సులువుగా బెంగ మారదు మరి.

ఇప్పుడు గుండె కలుక్కుమనే సంగతి ఒకటి చెబుతాను. ఆ క్రీములో పనిచేసే ముఖ్యపదార్థం పేరు నియాసినమైడ్. బి-3 విటమిను. ఇప్పుడు ప్రతి అమ్మాయి అద్దం దగ్గరా చుక్కలుగా వేసుకునే సీసాలో వుండేదీ ఎక్కువగా అదే. ఈ విటమిను లేక పాలమూరులాంటి జొన్న తినే ప్రాంతాల్లో ఎంతమంది చర్మం చెడిందో తెలుసా?

పెల్లాగ్రా అని ఒక జబ్బు. ఇటలీ భాషలో గరుకు చర్మం అని అర్థం. స్పెయిన్‌లో కాసల్ అనే వైద్యుడు 1735లోనే గుర్తుపట్టాడు. మెడచుట్టూ నల్లగా కంటెలాగా కమిలిపోతుంది. చేతులు, పాదాలు, ఎండ తగిలిన ప్రతిచోటా చర్మం నల్లబడి పగులుతుంది. ముదిరితే విరేచనాలు, మతి చలించడం, చావు. మొక్కజొన్న ఒక్కటే తిని బతికే పేదల జబ్బుగా యూరపులో, అమెరికాలో దానికి పేరు. నియాసిన్ లేకపోవడమే కారణమని 1937లో తేలింది. కానీ హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చే పెల్లాగ్రా రోగులు మొక్కజొన్న తినేవాళ్ళు కారు, జొన్నరొట్టె తినేవాళ్ళు. జాతీయ పోషకాహార సంస్థగా మనం ఎరిగిన పరిశోధనాలయంలో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య ఈ చిక్కుముడి మీద పనిచేసి 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. జొన్నలో ల్యూసిన్ అనే ఆమ్లం ఎక్కువగా వుండి, ఒంట్లో నియాసిన్ తయారీకి అడ్డుపడుతోందని వారి ప్రతిపాదన. దానిమీద తర్వాత ఎన్నో చర్చలు జరిగాయి. అసలు సంగతి మాత్రం పేదరికం. జొన్న చెడ్డది కాదు. దానిపక్కన పప్పూ, పాలూ, ఆకుకూరా లేకపోవడం చెడ్డది. జొన్న ఒక్కదానిమీదే బతకడం తగ్గినకొద్దీ ఆ జబ్బూ తగ్గింది.

చూశారా విడ్డూరం! ఏ విటమిను కంచంలో లేక కూలి తల్లి మెడచుట్టూ చర్మం మాడిందో, అదే విటమిను ఇవాళ ముఖం నిగనిగలాడటానికి చుక్కల లెక్కన అమ్ముడవుతోంది. పైన రాస్తే మచ్చలు కొంత తగ్గుతాయని, చర్మపు పొర గట్టిపడుతుందని పరిశోధనలు చెబుతున్న మాట నిజమే. కాదనను. కానీ ముందు కంచం, తర్వాత సీసా. వేరుశనగపప్పు, పప్పుధాన్యాలు, చేప వీటిలో నియాసిన్ పుష్కలం. ఇవాళ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చేలల్లో వేరుశనగ బాగా పండుతుంది. పుంటికూర పప్పూ, గుప్పెడు పల్లీలూ పక్కన వుంటే జొన్నరొట్టెకు వంకపెట్టేవాళ్ళు లేరు.

ఇక ఎండ. పాలమూరు కూలీ అంటే దేశమంతా ఎరిగిన పేరు. నీళ్ళులేని ఏళ్ళలో మేస్త్రీల వెంట ఊళ్ళకు ఊళ్ళు కదిలి, ఎక్కడో దూరదేశాల్లో ఆనకట్టలకూ కాలవలకూ మట్టి మోసినవాళ్ళు. 1995లో జూరాల, ఆ తర్వాత ఎత్తిపోతల పథకాలు వచ్చి కొన్ని పల్లెలకు నీళ్ళందాయి గాని, అంతకుముందు ఎన్ని తరాలు ఆ ఎండలో మాడాయో! ఆ తల్లులు పనిలోకి దిగేముందు చేసే మొదటిపని కొంగు తలమీదుగా లాగి చెంపలు కప్పుకోవడం. పైన మగవాళ్ళ పాతచొక్కా తొడుక్కుని చేతులు మణికట్టుదాకా మూసుకోవడం. ఏ చర్మవైద్యుడైనా చెప్పే మొదటి సలహా కూడా అదే.

ముప్ఫైల్లో ఆడవాళ్ళను ఎక్కువగా బాధపెట్టే మంగుకు కాన్పులూ, ఒంట్లో మార్పులూ కారణమైతే, దాన్ని ముదరపెట్టేది ఎండ. ఏ మందు రాసినా ఎండ కాయనిస్తే మళ్ళీ వస్తుంది. వయసు మీరిన గీతల్లోనూ ఎండదే పెద్ద వాటా. ఆస్ట్రేలియాలో నాంబర్ అనే ఊరుంది (మన గుంటూరు పక్క నంబూరు కాదు సుమా!). అక్కడ తొమ్మిదివందలమంది పైచిలుకు మనుషులను నాలుగున్నరేళ్ళు పరీక్షించి 2013లో ఫలితాలు చెప్పారు. రోజూ ఎండక్రీము రాసుకున్నవాళ్ళ చర్మం ఆ నాలుగున్నరేళ్ళలో చెప్పుకోదగ్గంత ముదరలేదట. వాళ్ళు ఎక్కువమంది తెల్లవాళ్ళు. మన నల్లచర్మానికి సహజంగానే కొంత గొడుగు వుంది, కాబట్టి అంత భయం అక్కర్లేదు. కానీ మంగు వచ్చేవాళ్ళకు మాత్రం మన రంగు సరిపోదు. కొంగో గొడుగో కావాలి, పైన క్రీమూ కావాలి.

వనపర్తి సంస్థానం కోడలు రాణీ కుముదినీదేవి గురించి చెప్పకుండా ఈ కథ ముగించలేను. 1911లో పుట్టి, 2009 దాకా జీవించారు. 1962లో హైదరాబాదు నగరానికి మేయరయ్యారు, వనపర్తినుంచి శాసనసభకూ వెళ్ళారు. ఈ పదవులకంటే ముందే, 1958లో, కూకట్‌పల్లిలో కుష్ఠురోగులకోసం శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. ఆ రోజుల్లో కుష్ఠు అంటే సొంతవాళ్ళే ఊరిబయట వదిలేసేవారు. రోగాన్ని నిజంగా కుదిర్చే మందుల కలయికను ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పింది 1981లో. అంటే అంతకు ఇరవైమూడేళ్ళ ముందే, గడీలో గంధం పూసుకుని కూర్చోవలసిన రాణి, ఎవరూ ముట్టుకోని చర్మంవైపు వచ్చారన్నమాట.

ఆ జబ్బులో స్పర్శ పోయి, చెమటా జిడ్డూ ఆగిపోయి, పాదాలు ఎండి పగుళ్ళు తీస్తాయి. అందుకని రోగులకు ఎక్కడైనా ఒక నిత్యకర్మ నేర్పుతారు. రోజూ పాదాలు కాసేపు నీళ్ళలో నానబెట్టు. గట్టిపడిన చర్మాన్ని మెల్లగా రుద్ది తీసేయి. తడి పూర్తిగా ఆరకముందే నూనె రాయి. కన్నేసి చూసుకో, ఎక్కడైనా కమిలిందేమో. ఇంతే. ఖరీదు పైసల్లో. దీన్ని మించిన చర్మసంరక్షణ సూత్రం ఏ అందాలరాణీ చెప్పలేదు. ఇందులో తెలుపు లేదు, మెరుపు లేదు. చర్మం పగలకూడదు, పుండు పడకూడదు, మనిషి నడవాలి. చర్మంవున్నది అందుకే కదా!

కాబట్టి ముప్ఫై దాటిన అమ్మాయిలూ, ఏడు సీసాల జాబితా పక్కన పెట్టండి. పనులు మూడే. కడగడం, తేమ నిలపడం, ఎండ కాయనివ్వకపోవడం. పొద్దున నీళ్ళతోనో, ఘాటులేని సబ్బుతోనో ముఖం కడిగి, తడి వుండగానే వాసనలేని మామూలు తేమక్రీము. బయటికెళ్ళేముందు ఎస్.పి.ఎఫ్. 30 వున్న ఎండక్రీము, రెండువేళ్ళ పొడవున, మెడకూ చేతులకూ మరికొంత. ఎండలోనే వుండాల్సివస్తే రెండుగంటలకోసారి మళ్ళీ. రాత్రి మళ్ళీ కడిగి తేమక్రీము. చేతులకూ కాళ్ళకూ కొబ్బరినూనె చాలు. మొటిమలు లేచే ముఖానికి మాత్రం అది పనికిరాదు, రంధ్రాలు మూసుకుపోతాయి. ఆదివారంనాడు ఒంటికి నూనె, నలుగు. ఇది రెండునెలలు నిలకడగా చేశాక, ఇంకేమైనా కావాలనిపిస్తే ఒక్కటే కొత్తది తెచ్చుకోండి. మోచేతి లోపలి వైపు నాలుగురోజులు రాసి చూసి, ఆ తర్వాతే ముఖానికి. ఎ-విటమిను క్రీములు రాత్రిపూటే వాడాలి. కడుపుతో వున్నవాళ్ళు, కావాలనుకుంటున్నవాళ్ళు వాటి జోలికి పోకూడదు.

గద్వాల చీర చూడండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అన్నీ పట్టే అయితే ఎండాకాలం కట్టలేం. ఆ మూడు పనులూ నూలు. తక్కిన సీసాలన్నీ అంచు. నూలు లేకుండా ఉత్త అంచు కట్టుకుని ఎవరూ వీధిలోకి రారు కదా!

చేయకూడనివి కూడా చెప్పాలి. నిమ్మరసం ముఖానికి రుద్దుకుని ఎండలోకి వెళితే కాలుతుంది. మందులషాపులో "వారంలో తెల్లబడతారు" అని ఇచ్చే ట్యూబుల్లో తరచు స్టిరాయిడ్ వుంటుంది. మొదట మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రబడుతుంది, మానితే మండుతుంది, మీసాలు గడ్డాలు లేస్తాయి. అలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వం నిబంధన తెచ్చింది, అయినా అడిగితే ఇచ్చేవాళ్ళున్నారు. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా కలుపుతారు. అది మూత్రపిండాలను తినేస్తుంది. మంగు ఎక్కువవుతున్నా, పుట్టుమచ్చ ఆకారం మారుతున్నా, జుట్టు రాలుతూ నీరసంగా వున్నా అద్దాన్ని కాదు, డాక్టరును అడగండి. ఒక్కోసారి లోపం చర్మంలో కాదు, రక్తంలోనో, థైరాయిడ్‌లోనో వుంటుంది.

"అంత తీరిక ఎక్కడిదండీ?" అంటారా? పొద్దున నాలుగు నిమిషాలు, రాత్రి నాలుగు నిమిషాలు. అత్తగారు "ఈ వయసులో సోకులేమిటి?" అంటే, వాగ్భటుడు నిత్యమూ అన్నాడని చెప్పండి. శాస్త్రం మాట అనేసరికి ఆవిడా కాస్త మెత్తబడి, తన మడమలు చూపించినా చూపిస్తారు. అప్పుడు మీరే ఆముదం రాసిపెట్టండి.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ చేతులు ఎప్పుడైనా చూశారా? రోజుకు నాలుగిళ్ళ సబ్బునీళ్ళలో నాని, వేళ్ళసందులు ఒరిసి, గోళ్ళమూలలు పగిలి వుంటాయి. ఆవిడకూ ముప్ఫయ్యేళ్ళే వుంటాయి. ఈసారి బజారుకెళ్ళినప్పుడు కొబ్బరినూనె సీసా ఒకటి ఎక్కువ తెచ్చి, గిన్నెలు కడిగే పంపు పక్కన పెట్టండి. తడిచేతుల మీదే రాసుకొమ్మని మరీ మరీ చెప్పండి.